ఏడ్చే కుందేలు

మా ఊరి పేరు రాసేదొకలా, పలికేదొకలా.
వూచ్. అంటే పడవ.
పడవ తేలాల్సిన నదిని మాత్రం
మిల్లుల కాలంలోనే గొట్టాల్లో పెట్టి
నేల కిందకి తోసేశారు.
పైన నడిచేవాళ్ళకి తెలీదు
కాళ్ళ కింద నీళ్ళున్నాయని.

నా ఉద్యోగమూ దాదాపు అదే.

పాత నూలు మిల్లు, మూడో అంతస్తు.
మగ్గాలు బిగించిన ఇనుప బోల్టులు
ఇంకా నేలలోంచి తల ఎత్తి చూస్తుంటాయి.
వాటి మధ్య నా బల్ల.
ఒక నడక యాప్‌కి తెరలు గీస్తాను.
చేరే తలుపు ఆకుపచ్చగా, అరచేతంత.
వెళ్ళే తలుపు బూడిద రంగులో, చీమ తలంత,
అదీ ఏడో తెరలో.
దాని మీద రాత నాదే:
"వద్దు, నా ఆరోగ్యం నాకు అక్కర్లేదు."

ఆ పైన ఒక కుందేలు. అదీ నేనే గీశాను.
మొదట ఒక కన్నీటి చుక్క పెట్టాను.
రెండు పెట్టి చూడమన్నాడు ఇగ్నత్సి.
రెండో చుక్కకి
వెళ్ళబోయేవాళ్ళలో నూటికి ముగ్గురు ఆగిపోయారు.
ఆ శుక్రవారం కేకు కోశాం.

నెలకో రోజు మేమూ ఫోన్లు వినాలి, ఆఫీసు నియమం.
ఫిబ్రవరిలో, చెవిలో ఒక ముసలి గొంతు.
జెనోన్. ట్రాము నడిపి రిటైరైన మనిషి.

"అమ్మాయీ, ఈ చందా మా ఆవిడది.
తను నవంబరులో పోయింది.
డబ్బులు మాత్రం ప్రతి నెలా పోతూనే ఉన్నాయి.
ఆపుదామని లోపలికెళ్తే
'వెళ్ళిపోతున్నారా, హెన్రికా?' అంటోంది కుందేలు.
ఏడుస్తోంది.
తన ఆరోగ్యం తనకి అక్కర్లేదని
నన్ను ఒప్పుకోమంటోంది.
ఆఖరి వారం కూడా ఆసుపత్రి వరండాలో
గోడ పట్టుకుని పన్నెండడుగులు వేసింది, నేను లెక్కపెట్టాను.
ఆ మాట మీద నేనెలా వేలు పెట్టను?"

నా దగ్గర జవాబుల కాగితం ఉంది.
అందులో దీనికి జవాబు లేదు.

మా అమ్మమ్మ లెయొకాదియా ఇదే అంతస్తులో నేసేది.
గుడ్డ తాను చివర తెల్ల నూలుతో తన అంకె కుట్టాలి.
417.
పోగు తెగిన గుడ్డ ఏ దేశం పోయినా
ఆ అంకె పట్టుకుని వెనక్కొచ్చేది.
కూలి కోసేవారు. తిట్టుకుంటూనే మళ్ళీ నేసేది.
నా తెర చివర ఏ అంకే లేదు.
మాట నాది, రంగు ఇంకొకరిది,
రెండో చుక్క ఇగ్నత్సిది,
సరే అన్నది లెక్క. లెక్కకి మొహం ఉండదు.
తిలాపాపం తలా పిడికెడు.
ఆ రోజు నా పిడికిలి విప్పి చూసుకున్నాను.
పిడికెడే.
కానీ అందులో హెన్రికా పేరుంది.

డబ్బు వాపసు ఫారం కోసం వెతికాను.
దాన్ని దాచింది నేనే, నాకే దొరకలేదు.
పావుగంట తర్వాత పక్క బల్ల కుర్రాణ్ణి అడిగాను.
వాడు నవ్వాడు.
నేనూ నవ్వబోయి సగంలో ఆగిపోయాను.

సాయంత్రం జెనోన్‌కి ఫోన్ చేశాను.
కట్టిన సొమ్ము వెనక్కొస్తుందని చెప్పాను.
"మంచిది. ఆ కుందేలు ఇంకా ఏడుస్తోందా?"
ఏడుస్తోందన్నాను.
గీసింది నేనేనన్నాను.
అటువైపు కిటికీ బయట
ట్రాము మలుపు తిరిగే చప్పుడు, చాలాసేపు.

"నలభై ఏళ్ళు బండి నడిపాను.
దిగుతామని ఎవరైనా గంట కొడితే ఆపేవాణ్ణి.
ఎందుకని ఎన్నడూ అడగలేదు."

ఫోన్ పెట్టేశాక
ముందు రెండో చుక్క తుడిచాను.
తర్వాత మొదటిది.
కన్నీళ్ళు లేకపోతే అది వట్టి కుందేలు,
చెవులు కాస్త పొడుగెక్కువ.
దాన్నీ తీసేశాను.

సోమవారం లెక్క పడిపోతుంది.
ఎవరి పని ఇదని అడుగుతారు.
తెర చివర తెల్లగా, చిన్నగా
బోగ్నా అని కుట్టి పెట్టాను.